ఏడో చీటీ

మా సంపత్కుమార్ సారు ఆధారం లేనిదే ఏ మాటనూ నమ్మరు. ఏ మాటనూ అంటే నిజంగానే ఏ మాటనూ. మీరు తడిసి ముద్దయి గుమ్మంలో నిలబడి "వాన పడతా ఉండాది సార్" అని చెప్పినా సరే, ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని "ఆధారం?" అంటారు. మీ జుట్టులోంచి కారే నీళ్ళు ఆధారం కాదు. మీరు కుళాయి కింద తల పెట్టి వచ్చి ఉండవచ్చు. ఆయనే లేచి, కిటికీలోంచి చెయ్యి చాపి, అరచెయ్యి తడిసేదాకా ఉంచి, తుడుచుకుని, అప్పుడు చీటీ రాసుకుంటారు.

ఈ చీటీల సంగతి ముందే చెప్పేస్తాను. రోజుకో కాగితం చింపే గోడ క్యాలెండరు ఉంటుంది కదా, ఆ చింపిన కాగితాలను సారు పారెయ్యరు. నాలుగు ముక్కలుగా కత్తిరించి, వెనకవైపు మూడు వరసలు రాస్తారు. సంగతి ఏమిటి, ఎవరు చెప్పారు, వాళ్ళకు ఎట్లా తెలుసు. మూడో వరస ఖాళీగా ఉంటే ఆ చీటీ చెల్లదు. తిరుపతిలో తిరిగే కబుర్లలో నూటికి తొంభై ఆ మూడో వరస దగ్గరే ఆగిపోతాయని ఆయన అభిప్రాయం. అది కూడా అభిప్రాయమే, ఆధారం లేదని ఆయనే ఒప్పుకుంటారు.

ఆయన పెళ్ళిచూపుల కథ మా పాలిటెక్నిక్‌లో ప్రతి బ్యాచికీ తెలుసు. పిల్ల తరఫు పెద్దాయన ఎవరో, మా వకుళాదేవి పులిహోర బ్రహ్మాండంగా చేస్తుందని అన్నాడట. పెళ్ళికొడుకు నెమ్మదిగా "ఆధారం?" అన్నాడట. ఇరువైపులా మొహాలు మాడిపోయాయి. లోపలినుంచి పిల్లే స్వయంగా పళ్ళెంతో వచ్చి ఆయన ముందు ఠక్కున పెట్టి, తినేదాకా అక్కడే నిలబడింది. ఆయన రెండుసార్లు వడ్డించుకుని జేబులోంచి చీటీ తీశారు. "పులిహోర బాగుంది. ఎవరు చెప్పారు: నేనే. ఎట్లా తెలుసు: రెండుసార్లు తిన్నాను." ఆ చీటీ ఇప్పటికీ వకుళాదేవమ్మ దగ్గర ఒక రేకు డబ్బాలో ఉంది. నేను కళ్ళారా చూశాను కాబట్టే ఇక్కడ రాస్తున్నాను.

మొన్నీమధ్య డాక్టరు ఆయనకు షుగరు ఉందన్నాడు. సారు ఊరుకుంటారా. రక్తం ఎవరు తీశారు, ఏ మిషన్లో పెట్టారు, ఆ మిషను సరిగ్గా ఉందని కడపటిసారి ఎవరు చూశారు అని ఆరా తీస్తూ ల్యాబు దాకా నడిచి వెళ్ళారు. పోనూ రానూ నాలుగు కిలోమీటర్లు. ఆ నడకలే అలవాటై షుగరు కాస్త తగ్గింది. తగ్గిందని కూడా ఆయన ఇంకా నమ్మడం లేదు, కాబట్టి నడుస్తూనే ఉన్నారు.

నేను 1999లో బంగారుపాళ్యం నుంచి తిరుపతికి పాలిటెక్నిక్ చదవడానికి వచ్చాను. మా వీధిలో అంత దూరం చదువుకు పోయిన మొదటి ఆడపిల్లను నేనే. మా నాయనకు మామిడితోట తప్ప వేరే లోకం తెలియదు. ఆయన నన్ను బస్సెక్కిస్తూ ఒకే మాట చెప్పాడు. "జయంతీ, కాలేజీ నుంచి నీ మీద ఒక్క ఫిర్యాదు వచ్చినా, మరుసటి బస్సుకే ఇంటికొచ్చేయాల." మా నాయన మాట తప్పే మనిషి కాడు. దీనికి నేనే ఆధారం.

కంప్యూటరు ల్యాబు సంపత్కుమార్ సారుది. ఆ డిసెంబరులో ఆయన తెప్పించుకునే ఇంగ్లీషు పత్రికతో పాటు ఒక సీడీ వచ్చింది, దాని మీద లినక్స్ అని ఉంది. ఎక్కడో ఫిన్లండులో ఒక విద్యార్థి మొదలుపెట్టగా, దేశదేశాల వాళ్ళు తలో చెయ్యీ వేసి పెంచిన ఆపరేటింగ్ సిస్టమ్. ఎవరైనా ఎక్కించుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాళ్ళకు ఇవ్వవచ్చు. మాకు ఉచితం అన్న మాట నచ్చింది. సారుకు నచ్చింది వేరు. ఏ భాగం ఎవరు రాశారో పేర్లతో సహా ఒక పట్టిక అందులో ఉంది. దాన్ని చూసి ఆయన మొహం వెలిగిపోయింది.

"చూడు పాపా, ఎవురు ఏ ముక్క చేసినారో రాసి పెట్టినారు. మా ఇంట్లో సాంబారు గిన్నె ఎవురు మాడ్చినారో ఇట్లా రాసి ఉండాదా?" అన్నారు.

ఆ విద్యార్థి 1991లో, సరదాకి ఒకటి చేస్తున్నాను, పెద్దదేమీ కాదు అని నలుగురికీ చెప్పుకున్న ఉత్తరాన్ని కూడా ఆయన నెట్ సెంటరులో వెతికి ప్రింటు తీయించి ల్యాబు గోడకు అంటించారు. తేదీ, గంట, నిమిషం అన్నీ ఉన్నాయందులో. వచ్చిపోయే వాళ్ళందరికీ చూపించి, పుట్టినరోజుకు ఇంత గట్టి ఆధారం ఉన్న వస్తువు ఈ ల్యాబులో ఇంకోటి లేదని చెప్పేవారు. నిజమే, మా క్లాసులో సగం మంది పుట్టినరోజులు హెడ్మాస్టర్లు వేసినవే.

ఇక్కడ ల్యాబు ఫ్యాను గురించి కూడా చెప్పాలి. అది మాకంటే వయసులో పెద్దది. తిరిగితే తిరుగుతూనే ఉంటుంది గానీ, ఒకసారి ఆగిందంటే తనంతట తాను కదలదు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ బెంచీ ఎక్కి, పొడుగాటి కర్రతో దాని రెక్కను ఒక తోపు తొయ్యాలి. ఆ కర్రను ఎవరో క్రికెట్టుకు తీసుకుపోయారని, అది ఎవరన్నది ఆధారం లేక తేలలేదని, సారు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. తాళంచెవి ఆయన జేబులోనే ఉండేది.

ఇక ఆ ఆదివారం సంగతి. ఇది నేను పాతికేళ్ళపాటు ఎవరికీ చెప్పలేదు.

2000 ఫిబ్రవరి 13. ల్యాబులో సీడీ పెట్టడానికి వీలున్న కంప్యూటరు ఒక్కటే. మా సంవత్సరం వాళ్ళందరి హాజరు పట్టికా అందులోనే ఉంది. దాన్ని కదపకుండా పక్కన లినక్స్ ఎక్కించాలని సారు పన్నెండు మెట్లను పన్నెండు చీటీల మీద రాసి, వరసగా పేర్చి, మీద పేపరువెయిట్ పెట్టారు. నాతో మొదలుపెట్టించి, నువ్వు ఆరో చీటీ దాకా చేస్తా ఉండు, నేను కాఫీ తాగొస్తానని కిందికి దిగారు. ఆరో చీటీ అయిపోయింది. నాకు చేతులు దురద. పేపరువెయిట్ తీసి ఏడో చీటీ కోసం చూస్తే దాని చోట ఎనిమిది ఉంది. సారు అంకె తప్పేశారేమో అనుకున్నాను. అప్పటికే తెర మీద ఇంగ్లీషులో ఒక ప్రశ్న వచ్చి నిలబడింది. డిస్కులో ఉన్నదంతా తుడిచెయ్యమంటారా అన్నది దాని సారాంశమని తర్వాత తెలిసింది. నా ఇంగ్లీషు అప్పటికి అంతంత మాత్రం. ఎవరైనా మర్యాదగా ఏదైనా అడిగితే "అవును" అనాలని మా ఇంట్లో నేర్పారు. అవును కొట్టాను.

సారు నాకు కూడా గ్లాసులో కాఫీ పట్టుకుని వచ్చేసరికి హాజరు పట్టిక పోయింది, లినక్స్ మాత్రం హాయిగా ఎక్కుతోంది. నా కళ్ళ ముందు బంగారుపాళ్యం బస్సు కనపడింది. నోటికొచ్చింది చెప్పేశాను. ఎక్కించక ముందే కరెంటు పోయి వచ్చింది సార్, అప్పుడే పాతదంతా పోయినట్టుండాది అన్నాను.

"ఆధారం?" అన్నారు.

"నేనే చూసినా సార్."

సారు ఒకసారి పైకి చూశారు. దేవుణ్ణి తలచుకుంటున్నారేమో అనుకున్నాను. "సరే" అని కాఫీ గ్లాసు నా చేతికిచ్చారు. జీవితంలో మొదటిసారి ఆయన ఒకే ఒక్క సాక్షి మాట నమ్మారు. నేను చాలా తెలివైనదాన్నని ఆ రాత్రి కడుపునిండా తిని పడుకున్నాను.

హాజరు పట్టిక పోవడంతో ఆ ఏడు అందరికీ పూర్తి హాజరు ఇచ్చేశారు. క్లాసు మొహమే చూడని మునిశేఖర్ పరీక్ష రాసి పాసయ్యాడు కూడా. వాడు లినక్స్ పేరుతో కాణిపాకం వినాయకుడికి కొబ్బరికాయ కొట్టి వచ్చాడు. వారం తిరక్కుండా సంపత్కుమార్ సారు ల్యాబు వదిలి లైబ్రరీకి మారారు. ఎందుకు సార్ అని అడిగితే, పుస్తకాల దగ్గరికి పోతా ఉండా పాపా అన్నారు. ఆయనే అడిగి మారారని మేమంతా అనుకున్నాం. చీటీల మనిషికి లైబ్రరీ కాక ఇంకెక్కడ బాగుంటుంది అని నవ్వుకున్నాం కూడా. రిటైరయ్యే దాకా ఆయన ఆ లైబ్రరీలోనే ఉండిపోయారు.

ఇప్పుడు నేను చిత్తూరులో పాఠాలు చెప్పుకుంటూ, నలభై దాటాక పిహెచ్‌డీ అనే పని నెత్తినేసుకున్నాను. విషయం లినక్స్ చరిత్ర, అది మా జిల్లాకు ఎట్లా చేరిందన్నది. ఫిన్లండు ముక్కకు ఆధారాలు కొల్లలు. మూడో అధ్యాయం తిరుపతి గురించి, దానికి మాత్రం ఒక్క కాగితం లేదు. అది మా ల్యాబులోనే మొదట ఎక్కిందని అందరమూ చెప్పుకుంటాం. మా గైడు గోవిందస్వామి గారు చాలా మంచివారు, కానీ చరిత్ర దగ్గర కఠినం. "అందరూ చెప్పుకుంటే అది కబురమ్మా, చరిత్ర కాదు. నెలాఖరుకు కాగితం తెస్తే అధ్యాయం ఉంటుంది, లేకుంటే తీసేద్దాం" అని ఉత్తరం రాసి సంతకం కూడా పెట్టారు. మా ఊరి ముక్క తీసేస్తే ఇక నేను రాసేదేముంది. అందుకోసమే కదా ఇన్ని పాట్లు పడింది.

వెతకని చోటు లేదు. ఆ రోజుల్లో అందరూ ఉత్తరాలు రాసుకున్న ఇంటర్నెట్ గ్రూపులు మూతపడ్డాయి, లింకు నొక్కితే తెల్ల పేజీ వస్తుంది. పాత పత్రికలు తూకానికి పోయాయి. పాలిటెక్నిక్‌లో పాత ఫైళ్ళు చెదలు తిన్నాయన్నారు. తడలో ఒకాయన దగ్గర ఆ కాలపు సీడీ ఉందంటే బస్సు పట్టుకుని పోయాను, తీరా అది అయ్యప్ప పాటల సీడీ. కాణిపాకంలో ఇంకొకాయన తానే జిల్లాలో మొదట ఎక్కించానని, అది 1989లో అని ఘంటాపథంగా చెప్పాడు. లినక్స్ పుట్టింది 1991లో. మునిశేఖర్‌ను అడిగితే వాడికి తేదీ తెలియదు, కొబ్బరికాయ ఒక్కటే గుర్తుంది.

గడువు వారం ఉందనగా సారు ఇంటికి వెళ్ళాను. ముందే వెళ్ళకపోవడానికి కారణం మీరు ఊహించే ఉంటారు. ఆయన ముందు కూర్చుని ఆ ఆదివారం గురించి మాట్లాడడం నాకు ఇష్టం లేదు.

వకుళాదేవమ్మ పులిహోర పెట్టింది. సారుకు డెబ్భై రెండేళ్ళు, జుట్టు ముగ్గుబుట్ట, మిగతా అంతా మామూలే. ఆధారం కావాలని మా గైడు అడిగాడు సార్ అన్నాను.

"అడిగినాడని ఆధారం?"

నేను ఆయన శిష్యురాలిని. గైడు ఉత్తరం తీసి ముందు పెట్టాను. ఆయన తృప్తిగా చదివి, తేదీ సరిచూసి, లోపలి గదిలోకి తీసుకుపోయారు. ఆ గదిలో పదకొండు మామిడిపండ్ల పెట్టెలు ఉన్నాయి. ఏటా వేసవిలో మా నాయన పంపిన వాటిలో మిగిలినవే. పండ్లు తినేసి పెట్టెల్లో చీటీలు నింపారు.

మధ్యాహ్నం మొత్తం నేలమీద కూర్చుని వెతికాం. ఎదురింటి మునిరామయ్య బర్రె ఈనింది, ఎవరు చెప్పారు మునిరామయ్య, ఎట్లా తెలుసు జున్ను ఇచ్చాడు. వకుళకు నామీద కోపం, ఎవరు చెప్పారు ఎవరూ చెప్పలేదు, ఎట్లా తెలుసు గరిటె చప్పుడు. నేను నవ్వి నవ్వి పనే మరిచిపోయాను. అవన్నీ చదువుతుంటే ఆ ల్యాబూ, ఆ గోడమీది ఉత్తరమూ, సాయంత్రం కిటికీలోంచి కనిపించే కొండా అన్నీ తిరిగొచ్చాయి. ఆ రోజులంటే నాకు ఎంత ఇష్టమో అక్కడ కూర్చున్నాకే తెలిసింది.

తొమ్మిదో పెట్టెలో, చీటీల అడుగున, మడత పెట్టిన పొడుగు కాగితం దొరికింది. పాలిటెక్నిక్ సీలు, అప్పటి ప్రిన్సిపాలు జయరావు గారి సంతకం, తేదీ 2000 ఫిబ్రవరి 15. "తమరు ముందస్తు అనుమతి లేకుండా లినక్స్ అను సాఫ్ట్‌వేరును ల్యాబు కంప్యూటరులో ఎక్కించి, విద్యార్థుల హాజరు పట్టికను నాశనము చేసినందుకు తమరిని ల్యాబు బాధ్యతల నుండి తప్పించి లైబ్రరీకి మార్చడమైనది."

అది మెమో. మా సారుకు వచ్చిన మెమో.

"దొరికిందే. తేదీ ఉండాది, సీలుండాది, లినక్స్ అనే పేరు గూడా ఉండాది. ఇంతకంటే ఆధారం మీ గైడుకు యాడ దొరకతాది. పెట్టుకోపో పాపా" అన్నారు సారు, ఎంతో సంతోషంగా.

చరిత్ర రాసేవాళ్ళకు అంతకంటే మంచి కాగితం దొరకదు. దాన్ని పెడితే మూడో అధ్యాయం నిలబడుతుంది, గైడు మెచ్చుకుంటాడు, నా పేరు ముందు డాక్టర్ చేరుతుంది. అందులో ఒక్కటే తప్పుంది. ఆ పని చేసింది ఆయన కాదు. ఆయన ప్రాణంగా చూసుకున్న ల్యాబు నా మూలంగా పోయిందని, ఆ సంగతి నాకు తెలియనివ్వకుండా పాతికేళ్ళు నాకు మామిడిపండ్ల రుచి గురించి ఉత్తరాలు రాశారని అప్పుడు అర్థమైంది. నాకు చాలా సిగ్గేసింది.

"సార్, ఈ మెమో తప్పు. డిస్కు తుడిచింది నేను. కరెంటు పోలేదు."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నారు.

"ఆధారం?"

"నేనే చెప్తా ఉండాను కద సార్."

"చేసినోళ్ళు చెప్తే ఒక సాక్షి అవతాది. సీలున్న కాగితాన్ని కాదనాలంటే ఒక సాక్షి చాల్దు పాపా."

వాకిట్లో కూర్చుని అంతా వింటున్న వకుళాదేవమ్మ లేచి లోపలికి పోయి, పులిహోర చీటీ ఉండే రేకు డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "పాతికేండ్లుగా దీంట్లో దాచి ఉండారు మీ సారు. నా చీటీ పక్కన ఇంకో ఆడపిల్ల పేరు చీటీ ఏందని నేను జగడం గూడా ఆడినా" అంది.

పులిహోర చీటీ కింద రెండు చీటీలు గుండుసూదితో గుచ్చి ఉన్నాయి. మొదటిది ఇది. "13-2-2000. డిస్కు తుడిచింది జయంతి. ఎవరు చెప్పారు: ఎవరూ చెప్పలేదు. ఎట్లా తెలుసు: కరెంటు పోయి వచ్చిందని చెప్పేటప్పుడు ఫ్యాను తిరుగుతా ఉండాది. కర్ర నా బీరువాలో ఉండాది." రెండోది నాకు ఆ రోజు కనపడని ఏడో చీటీ. "ఇక్కడ అడిగే ప్రశ్నకు వద్దు కొట్టవలెను" అని సారు చేతిరాత. దాని అంచున చిన్న అక్షరాలతో ఇంకో మాట ఉంది. "బీరువా కింద దొరికింది. ఫ్యాను గాలికి ఎగిరింది. తప్పు పిల్లది కాదు."

ఎందుకు సార్ చెప్పలేదు అని అడిగాను.

"అడిగింటే చెప్పేవాణ్ణే. ప్రిన్సిపాలు ఎందుకు చేసినావు అని అడిగినాడు గానీ, నువ్వే చేసినావా అని అడగలే. అడగని దానికి నేను జవాబు చెప్పను. మీ నాయన నిన్ను బస్సెక్కించేటప్పుడు అన్న మాట నువ్వే నాకు చెప్పినావు. దానికి గూడా చీటీ ఉండాది, మూడో పెట్టెలో."

నేను ఏడవబోయాను గానీ ఆయన అప్పటికే లేచి, ఆ చీటీలకు జెరాక్సు తీయించుకుని అసలువి సాయంత్రంలోగా వెనక్కి ఇవ్వాలని, ఇచ్చినట్టు చీటీ రాయాలని చెప్తున్నారు. అట్లాంటప్పుడు ఏడవడం కష్టం.

మూడో అధ్యాయం తిరగరాశాను. లినక్స్ తిరుపతిలో మొదట, అంటే మనకు ఆధారం దొరికినంతలో మొదట, ఎక్కిన తేదీ రాసి కింద మెమో చూపించాను. ఎక్కించిన మనిషి విషయంలో మెమో పొరపాటు పడిందని, ఆ మనిషి ఈ రచయిత్రేనని, ఒకటి ఆమె ఒప్పుకోలు, రెండు ఒక ఫ్యాను ఇందుకు ఆధారాలని ఇంకో అధోసూచిక రాశాను. మా నాయనకు కూడా ఫోను చేసి చెప్పాను. ఆయన అంతా విని, ఈ ఏడు సారుకు రెండు పెట్టెలు పంపాల అన్నాడు.

గోవిందస్వామి గారు అధ్యాయమంతా చదివి ఫోను చేశారు. ఇన్నేళ్ళలో ఫ్యానును సాక్షిగా ఒప్పుకోవడం ఇదే మొదలమ్మా, కానీ దీన్ని కొట్టిపారేయడానికి నాకు కారణం కనపడ్డం లేదు అన్నారు.

నిన్న పొద్దున డిగ్రీ ఖాయమైందని కబురు వచ్చింది. నేను ఆగలేక చిత్తూరు బస్టాండుకు పరిగెత్తి, దొరికిన బస్సెక్కి తిరుపతిలో దిగి, నేరుగా సారు ఇంటికి పోయాను. ఆయన వరండాలో పాత క్యాలెండరు కాగితాలు కత్తిరిస్తున్నారు.

"సార్, నాకు డాక్టరేటు వచ్చింది."

"ఆధారం?"

అప్పుడు గుర్తొచ్చింది. తొందరలో కాగితం ఇంట్లోనే మరిచిపోయి వచ్చాను.

"నేనే చెప్తా ఉండాను సార్" అన్నాను.

సారు తలెత్తి పైకి చూశారు. ఫ్యాను తిరుగుతోంది. "సరే" అన్నారు, ఒక చీటీ అందుకుని మూడు వరసలూ నిండా రాసుకున్నారు.